మంచు దారిలో మోటారు సైకిలు

ఉత్తర తెలంగాణ పల్లెల్లో కోడి కూతకు ముందే మోటారు సైకిలు చప్పుడు వినిపించడం మొదలై చాలా ఏళ్లయింది. ఒకప్పుడు ఎడ్లబండి చక్రాల కిర్రుమోత ఊరిని మేల్కొలిపేది. ఇప్పుడా పనిని కిక్కు కొట్టిన ఇంజను చేస్తున్నది. జగిత్యాల జిల్లాలోని మల్లాపూర్ మండలాన్నే తీసుకుందాం. దీనికి ఉత్తరాన గోదావరి ప్రవహిస్తున్నది. దక్షిణ దిశగా సాగితే మెట్‌పల్లి, కోరుట్ల పట్టణాలు, వాటిని కలుపుతూ నిజామాబాదు వైపు నుంచి జగిత్యాల మీదుగా మంచిర్యాల వైపు పోయే 63వ నంబరు జాతీయ రహదారి వస్తాయి. నదికీ రహదారికీ నడుమ వరి, పసుపు, మొక్కజొన్న పండే పొలాలు, వాటి మధ్యగా మెలికలు తిరిగే ఊరి దారులు ఉన్నాయి. చలికాలపు తెల్లవారుజామున ఈ దారుల వెంట బయలుదేరేవారిలో వినోదం కోసం బయలుదేరేవారు ఒక్కరూ కనిపించరు.

బండికి ఇరువైపులా పాల క్యాన్లు వేలాడదీసుకొని పాలకేంద్రానికి వెళ్లే రైతు వారిలో ఒకడు. ఆలస్యమైతే పాలు విరుగుతాయన్న భయం చలికాలంలో అంతగా లేకపోయినా, పాలు తీసుకొనే వేళ మాత్రం మారదు. వార్తాపత్రికల కట్టలను ఊరూరా చేరవేసే యువకుడు, సంతకు కూరగాయల మూటలు తీసుకుపోయేవాడు, పట్టణపు అడ్డా మీద నిలబడి ఆనాటి కూలి వెతుక్కోవలసిన తాపీ పనివాడు, ప్రసవవేదన పడుతున్న కోడలి కోసం వాహనం మాట్లాడడానికి పోయే మామ, వీరంతా ఆ దారిన పోయేవారే. గల్ఫ్ వలసకు పేరుపడిన ఈ ప్రాంతంలో మరొక దృశ్యం కూడా సాధారణం. విమానాశ్రయానికి పోయే బస్సు ఎక్కించడానికి కొడుకును వెనుక కూర్చోబెట్టుకొని, నడుమ సంచి పెట్టుకొని, అర్ధరాత్రి దాటిన తరువాత పట్టణం దారి పట్టే తండ్రి కనిపిస్తాడు. పెద్దపల్లి–నిజామాబాదు రైలు మార్గం 2017లో పూర్తయి కోరుట్లకు, మెట్‌పల్లికి రైలు వచ్చింది. అయినా స్టేషను చేరేందుకు పల్లెవాసికి మళ్లీ మోటారు సైకిలే దిక్కు. పల్లెవెలుగు బస్సు ఊళ్లోకి వచ్చే వేళకు ఈ పనుల్లో సగమైనా ముగిసి ఉండాలి.

చలిలో మోటారు సైకిలు నడపడాన్ని వేడుకగా జరుపుకొనేవారూ లోకంలో ఉన్నారు. జర్మనీలో 1956లో మొదలైన ఒక శీతకాలపు సమ్మేళనానికి 'ఎలిఫాంటెన్‌ట్రెఫెన్', అంటే 'ఏనుగుల కలయిక' అని పేరు. 'పచ్చ ఏనుగు' అని ముద్దుగా పిలుచుకొన్న త్సుండాప్ అనే బరువైన మోటారు సైకిలు వల్ల ఆ పేరు వచ్చింది. మంచు కప్పిన నేల మీద గుడారాలు వేసుకొని రాత్రి గడిపి, మరునాడు ఇళ్లకు మరలడం అక్కడి సరదా. వారి సాహసాన్ని తక్కువ చేయవలసిన పని లేదు. అయితే వారికి దారి బాగా లేకపోతే ప్రయాణం మానుకొనే స్వేచ్ఛ ఉంది. వెచ్చని చేతి తొడుగులు, ముంజేతుల దాకా వేడినిచ్చే పరికరాలు ఉన్నాయి. మన పాలరైతుకు ఒక మఫ్లరు, ఒక పాత స్వెట్టరు ఉంటాయి. ప్రయాణం మానుకొనే స్వేచ్ఛ మాత్రం లేదు. కాబట్టి చలికాలపు ద్విచక్ర ప్రయాణాన్ని గురించి తెలుసుకోవలసిన అవసరం అతనికే ఎక్కువ.

ఈ ప్రాంతంలో చలి ఎందుకంత గట్టిగా ఉంటుంది? సముద్రం చాలా దూరం. సముద్రపు గాలి తీరప్రాంతాల రాత్రులను ఒక మోస్తరు వెచ్చగా ఉంచుతుంది. ఆ రక్షణ ఇక్కడ లేదు. వర్షాకాలం ముగిసి మొగులు తొలగిన తరువాత రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటుంది. మేఘాలు నేలకు దుప్పటి వంటివి. ఆ దుప్పటి తీసివేస్తే పగలంతా నేల దాచుకొన్న వేడి రాత్రికి రాత్రే ఆకాశంలోకి వెళ్లిపోతుంది. దీనికి ఉత్తరాది నుంచి వీచే పొడి చలిగాలులు తోడవుతాయి. గోదావరికి ఆవల ఉన్న ఆదిలాబాదు, కుమురం భీం జిల్లాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటే కిందికి దిగడం దాదాపు ఏటా వినే వార్త. నదికి ఈవలి మండలాలు ఆ చలిలో తమ వంతు పంచుకొంటాయి. ఎముకలు కొరికే ఇటువంటి చలిని తెలంగాణ పల్లెవాసులు 'ఇగం' అంటారు. ఆ రెండక్షరాల మాట పలుకుతుంటేనే పళ్లు కరచుకొంటాయి.

చీకటి విషయంలో చాలామంది ఒక పొరపాటు పడతారు. డిసెంబరు 21 లేదా 22న పగటి వేళ అతి తక్కువగా ఉండి, ఆ తరువాత పెరుగుతుందని పాఠశాలలో చదువుకొంటాం. అది నిజమే. కాని ఆ పెరుగుదల మొదట సాయంత్రం వైపే కనిపిస్తుంది. మన అక్షాంశాల వద్ద సూర్యోదయం జనవరి మధ్య వరకు రోజురోజుకూ కొంచెం ఆలస్యమవుతూనే ఉంటుంది. సంక్రాంతి పండుగ వెళ్లిన తరువాత కూడా ఆరు గంటలకు చీకటిగానే ఉండడానికి కారణం ఇదే. పండుగ అయిపోయింది కదా, ఇక దారి కనిపిస్తుందని అనుకొన్నవారు మోసపోతారు.

ప్రయాణికుడి కష్టాలు ఇంటి ముంగిట్లోనే మొదలవుతాయి. రాత్రంతా చలిలో నిలిచిన ఇంజనులో నూనె చిక్కబడుతుంది. పెట్రోలు చలిలో సులభంగా ఆవిరి కాదు. ఆవిరి కాని పెట్రోలు నిప్పురవ్వకు అందదు. పాత బళ్లలో 'చోక్' అనే మీట దీనికి విరుగుడు. అది గాలిని తగ్గించి, మిశ్రమంలో పెట్రోలు పాలు పెంచుతుంది. బండి వేడెక్కాక ఆ మీటను వెనక్కి తోయడం మరచిపోతే పెట్రోలు వృథా అవుతుంది, ప్లగ్గు మసిబారుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాక తయారైన బళ్లలో ఈ పనిని ఇంధన ఇంజెక్షన్ వ్యవస్థ తనంతట తానే చేసుకొంటున్నది. అయినా బ్యాటరీ చలిలో మందగిస్తుంది గనుక, కిక్కు ఉన్న బండికి పల్లెలో విలువ తగ్గలేదు. ఇంజను నూనె డబ్బా మీద కనిపించే '10డబ్ల్యు-30' వంటి గుర్తులో 'డబ్ల్యు' అనే అక్షరం ఆంగ్లంలో శీతకాలానికి సంకేతం. దాని ముందున్న అంకె ఎంత చిన్నదైతే ఆ నూనె చలిలో అంత తేలికగా పారుతుంది. చక్రాల గాలి సంగతి కూడా చూసుకోవాలి. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు తగ్గినప్పుడల్లా ఒక పి.ఎస్.ఐ. వంతున గాలి పీడనం పడిపోతుంది. ఎండాకాలంలో చూసుకొని మళ్లీ ముట్టుకోని చక్రం పుష్యమాసానికి మెత్తబడి ఉంటుంది. ఇవన్నీ తెలిసినవారికి చిన్న పనులే. బండిని మూసిన గదిలో ఉంచి వేడెక్కించడం మాత్రం ప్రాణాంతకం. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు.

బండి కదిలింది. ఇప్పుడు అసలు చలి మొదలవుతుంది. ఇంటి ముందు కూర్చున్నవాడికీ, బండి మీద పోతున్నవాడికీ ఉష్ణమాపకం ఒకే అంకె చూపిస్తుంది. కాని ఇద్దరి శరీరాలకు ఆ చలి ఒక్కటి కాదు. మన చర్మం చుట్టూ శరీరపు వేడితో వెచ్చబడిన పలుచని గాలిపొర ఒకటి ఎప్పుడూ ఉంటుంది. గాలి వీచినప్పుడు ఆ పొర చెదరిపోతుంది. శరీరం మళ్లీ దానిని వెచ్చబరచాలి. అది మళ్లీ చెదరిపోతుంది. మోటారు సైకిలు మీద పోయేవాడు గాలి లేని రోజున కూడా తన వేగంతో తానే గాలిని పుట్టించుకొంటాడు.

ఈ అదనపు చలిని కొలవడానికి ప్రయత్నించినవారిలో అమెరికాకు చెందిన పాల్ సైపుల్ ముఖ్యుడు. స్కౌటు బాలుడిగా 1928లో అంటార్కిటికా యాత్రకు ఎంపికై, తరువాత శాస్త్రవేత్త అయిన ఈయన, చార్లెస్ పాసెల్‌తో కలిసి అక్కడి మంచులో ఒక స్తంభానికి నీళ్లు నింపిన ప్లాస్టిక్ గొట్టాన్ని వేలాడదీశాడు. వివిధ వేగాల గాలిలో ఆ నీరు గడ్డకట్టడానికి పట్టే కాలాన్ని ఇద్దరూ లెక్కించారు. 1945లో ప్రకటించిన ఆ ఫలితాలే తరువాతి సూత్రాలకు మూలం. అమెరికా, కెనడా దేశాలు 2001లో సవరించిన సూత్రం ప్రకారం గాలి ఉష్ణోగ్రత 10 డిగ్రీలు ఉండి, గాలి గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వీస్తుంటే బయటి చర్మానికి తోచే చలి ఐదారు డిగ్రీలది. వేగాన్ని 40కి తగ్గిస్తే ఆ తేడా అర డిగ్రీ కూడా ఉండదు. అంటే చలి నుంచి తప్పించుకోవడానికి మాత్రమే వేగం కొద్దిగా తగ్గించినందువల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. త్వరగా చేరితే చలి తప్పుతుందని వేగం పెంచేవారికి మాత్రం ముందున్న ప్రమాదం వేరే ఉంది.

శరీరానికి గుండె, మెదడు వంటి అవయవాలను 37 డిగ్రీల వద్ద కాపాడుకోవడం మొదటి ధర్మం. చలి సోకగానే చేతులు, కాళ్ల రక్తనాళాలు కుంచించుకొని రక్తాన్ని లోపలికి మళ్లిస్తాయి. పొదుపరి ఇల్లాలు పండుగ ఖర్చు తగ్గించి తిండిగింజలు దాచినట్లుగా, శరీరం వేళ్లను వదులుకొని గుండెను కాచుకొంటుంది. చేతి చర్మం 15 డిగ్రీల కంటే చల్లబడితే వేళ్ల చురుకుతనం తగ్గడం మొదలవుతుంది. ఇంకా చల్లబడితే స్పర్శ కూడా మందగిస్తుంది. మోటారు సైకిలు విషయంలో ఇది కేవలం బాధతో పోయేది కాదు. ముందు చక్రపు బ్రేకు కుడిచేతి వేళ్లలో ఉంది. క్లచ్చి ఎడమచేతి వేళ్లలో ఉంది. ఆపదలో బండిని ఆపవలసినవి, శరీరం ముందుగా వదులుకొన్న ఆ వేళ్లే. తిమ్మిరెక్కిన వేళ్లకు బ్రేకును ఎంత గట్టిగా పట్టుకొన్నామో తెలియదు. చాలదని ఇంకా బిగిస్తే చక్రం బిగుసుకొని జారుతుంది. అందుకే 2019 ఏప్రిల్ నుంచి కొత్త ద్విచక్ర వాహనాలన్నింటిలో, 125 సీసీ వరకు రెండు బ్రేకులు కలిసి పనిచేసే ఏర్పాటు, అంతకు మించినవాటిలో చక్రం బిగుసుకోకుండా కాపాడే ఏర్పాటు తప్పనిసరి అయ్యాయి. అయితే పల్లెదారుల్లో తిరిగే బళ్లలో అంతకు ముందువి ఇంకా ఎన్నో ఉన్నాయి.

చేతులను కాపాడుకోవడానికి జనం కనిపెట్టిన ఉపాయాలు చూస్తే ముచ్చటేస్తుంది. కొందరు కాలి మేజోళ్లను చేతులకు తొడుక్కొంటారు. కొందరు ప్లాస్టిక్ సంచులను ముంజేతుల వరకు కట్టుకొంటారు. పాత వార్తాపత్రికను నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపల గుండెకు అడ్డంగా పెట్టుకొనేవారున్నారు. ఇవేవీ నవ్వవలసిన విషయాలు కావు. కాగితపు మడతల నడుమ నిలిచిన గాలి వేడిని బయటికి పోనివ్వదు. ప్లాస్టిక్కు గాలిని ఆపుతుంది, పొగమంచు తడిని కూడా ఆపుతుంది. ఉన్ని తొడుగు ఒక్కటే వేసుకొంటే గాలి దాని కన్నాల గుండా దూరిపోతుంది. పైగా మంచు తడికి అది నానితే ఆ తడి ఆరేటప్పుడు చేతిలోని వేడిని తీసుకొని ఆరుతుంది. లోపల ఉన్ని, పైన గాలి చొరని తొడుగు ఉంటేనే ఫలితం. మన గొల్లల గొంగడి ఈ సూత్రాన్ని ఎప్పుడో పాటించింది. గట్టిగా నేసిన ఆ ముతక ఉన్ని చలిగాలికీ, వానకూ ఓర్చుకొంటుంది. అయితే గొంగడి కప్పుకొని మోటారు సైకిలు నడపరాదు. దాని అంచు గొలుసులోనో చక్రంలోనో చిక్కుకొంటుంది. మెడకు వదులుగా చుట్టిన మఫ్లరుకూ, మహిళల చున్నీకీ, చీర కొంగుకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

తల సంగతికి వస్తే చలికాలం ఒక కొత్త చిక్కు తెచ్చిపెడుతుంది. మంకీ టోపీ పెట్టుకొన్నాక హెల్మెట్ పట్టదు. పట్టినా గడ్డం కింద పట్టీ బిగియదు. రెండింటిలో ఏది వదలాలన్నప్పుడు చలికి భయపడి హెల్మెట్‌ను ఇంట్లో వదిలేస్తారు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 129వ సెక్షన్ హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది. తెల్లవారుజామున అడిగేవారుండరన్నది వీరి ధైర్యం. హెల్మెట్ అవసరాన్ని లోకానికి చెప్పిన పరిశోధన వెనుక ఒక మరణం ఉంది. 'అరేబియా లారెన్స్'గా ప్రసిద్ధుడైన టి.ఇ. లారెన్స్ 1935 మే నెలలో మోటారు సైకిలు ప్రమాదంలో తలకు గాయమై ఆరు రోజుల తరువాత మరణించాడు. ఆయనను పరీక్షించిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అనే నాడీ శస్త్రవైద్యుడు ఒకరు. ఆ సంఘటన ఆయనను వదలలేదు. సైన్యంలో వార్తలు చేరవేసే మోటారు సైకిలు సిపాయిల తల గాయాలను పరిశీలించి, 1941లో తన వ్యాసాన్ని ప్రకటించాడు. నేడు మనం ధరించే హెల్మెట్ చరిత్రలో ఆ వ్యాసం మొదటి మెట్లలో ఒకటి. టోపీ స్థానంలో పలుచని నూలు గుడ్డను తలకు చుట్టుకొంటే చలీ ఆగుతుంది, హెల్మెట్టూ కుదురుతుంది.

హెల్మెట్ అద్దం మూస్తే మరొక ఇబ్బంది. ఊపిరిలోని తేమ చల్లని అద్దానికి తగిలి మసకబారుతుంది. అద్దం తెరిస్తే చలిగాలికి కళ్ల వెంట నీళ్లు కారతాయి. వేలెడు సందు వదలి నడపడం అందరూ ఆచరించే మధ్యేమార్గం. కాని కళ్లు, అద్దం ఎంత శుభ్రంగా ఉన్నా ఎదుట పొగమంచు ఉంటే చేయగలిగింది తక్కువ. రాత్రి చల్లబడిన నేల తనను అంటుకొన్న గాలిని కూడా చల్లబరుస్తుంది. ఆ గాలిలో తేమ ఉంటే అది సన్నని నీటి తుంపరలుగా మారి నేల మీదనే నిలుస్తుంది. పైన వెచ్చని గాలి, కింద చల్లని గాలి ఉండడం వల్ల అది పైకి లేవదు. మల్లాపూర్ ప్రాంతంలో తేమకు కొదువ లేదు. ఒక పక్క గోదావరి, మరొక పక్క శ్రీరాంసాగర్ నుంచి వచ్చే కాకతీయ కాలువ నీటితో తడిసే పొలాలు, చెరువులు, నాటు కోసం నీరు నిలిపిన యాసంగి మడులు ఉన్నాయి. అందువల్లనే ఊరి మధ్య దారి స్పష్టంగా కనిపించినా, ఊరు దాటి పల్లపు పొలాల్లోకి దిగగానే తెల్లని గోడ ఎదురవుతుంది. ఒకే దారిలో కిలోమీటరుకొక తీరుగా ఉండడం ఈ పొగమంచు స్వభావం.

కిలోమీటరు లోపలి వస్తువులు కనిపించకపోతే దానిని వాతావరణ శాస్త్రజ్ఞులు పొగమంచు అంటారు. చూపు 50 మీటర్ల లోపుకు పడిపోతే అది అతి దట్టమైన పొగమంచు. ఈ 50 మీటర్ల లెక్కను చోదకుడు తన వేగంతో పోల్చి చూసుకోవాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎదుటి అడ్డంకిని చూసి, గుర్తించి, బ్రేకు మీద చేయి వేయడానికి ఒకటిన్నర సెకను పడుతుందనుకొంటే ఆలోగా 25 మీటర్లు గడచిపోతాయి. పొడి రోడ్డు మీద మంచి బ్రేకులతో ఆగడానికి మరొక 28 మీటర్లు కావాలి. మొత్తం 53 మీటర్లు. కనిపించేది 50 మీటర్లే. వేళ్లు తిమ్మిరెక్కి అర సెకను ఆలస్యం చేస్తే మరో 8 మీటర్లు కలపాలి. మంచుకు తడిసిన రోడ్డు ఇంకెన్ని కలుపుతుందో రోడ్డును బట్టి ఉంటుంది. అదే బండి గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతే 20 మీటర్ల లోపే ఆగుతుంది. వేగం సగమైతే ఆగే దూరం సగానికంటే ఎక్కువగానే తగ్గిపోతుంది. ఇందాక చలి లెక్కలో ప్రయోజనం లేదన్న వేగం తగ్గింపు ఇక్కడ ప్రాణాధారమవుతున్నది.

దీపం విషయంలోనూ అపోహలున్నాయి. మంచు దట్టంగా ఉన్నప్పుడు దూరపు వెలుగు వేస్తే మరింత కనిపిస్తుందనుకొంటాం. నిజానికి ఆ వెలుగు నీటి తుంపరలకు తగిలి తిరిగి మన కళ్లలోకే వస్తుంది. దగ్గరి వెలుగే మేలు. పసుపు రంగు దీపం పొగమంచును చీల్చుకొని పోతుందన్న నమ్మకం కూడా బలంగా ఉంది. పొగమంచు తుంపరలు కాంతి తరంగాల కంటే ఎన్నో రెట్లు పెద్దవి. అవి అన్ని రంగులనూ ఇంచుమించు ఒకేలా చెదరగొడతాయి. 2017 ఏప్రిల్ నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు పగలు కూడా ముందు దీపం వెలుగుతూనే ఉంటుంది. మనకు దారి కనిపించడం కంటే మనం ఇతరులకు కనిపించడం ఆ నియమపు ఉద్దేశం.

ఇతరులు మనకు కనిపించకపోవడం మరొక సమస్య. మల్లాపూర్ మండలంలోని ముత్యంపేటలో చక్కెర కర్మాగారం ఉంది. చలికి చెరకులో తీపి పెరుగుతుంది గనుక చెరకు ఆడించే పని చలికాలంలోనే సాగుతుంది. 2015 డిసెంబరులో ఆ కర్మాగారం మూతపడే వరకు చలికాలపు రాత్రులంటే చెరకు బళ్లు, ట్రాక్టర్ల బారులే. దీపం లేని బండి వెనుక భాగాన్ని చీకట్లో గుర్తించడం అలవాటైనవారికే సాధ్యం. నేడు ఆ బారులు లేవు. వాటి స్థానంలో వడ్ల బస్తాలు, గడ్డి, ఆ తరువాత పసుపు మోసే ట్రాలీలు తిరుగుతున్నాయి. వెనుక ఎర్ర దీపం, వెలుగు పడితే మెరిసే పట్టీలు ఉండాలన్న నిబంధన ఉన్నా ట్రాలీకి మట్టి పట్టి అవి కనిపించవు. ట్రాలీ వెడల్పును మించి వేలాడే గడ్డి వాటిని పూర్తిగా కప్పేస్తుంది. రోడ్డు పగటి వేడిని కొంతసేపు నిలుపుకొంటుంది గనుక ఊరి కుక్కలు దాని మీదనే ముడుచుకొని పడుకొంటాయి. అవి లేచి పక్కకు పోతాయన్న భరోసాతో వేగంగా పోరాదు. చలికి వాటి ఒళ్లు కూడా బిగుసుకొని ఉంటుంది.

వీటన్నిటికంటే పెద్ద ఆపద వడ్లు. వానకాలపు వరి కోతలు కార్తీక, మార్గశిర మాసాలలో జోరుగా సాగుతాయి. మల్లాపూర్ నుంచి ఏ దిక్కుకు పోయినా ఆ రోజుల్లో తారు రోడ్డు సగం బంగారు రంగుకు మారి ఉంటుంది. పగలు ఆరబోసిన వడ్లను సాయంత్రం కుప్పచేసి, మంచుకు తడవకుండా నల్లని పట్టాలు కప్పి, అవి గాలికి ఎగరకుండా చుట్టూ బండరాళ్లు పెడతారు. నల్లని రోడ్డు మీద నల్లని పట్టా, దాని చుట్టూ రాళ్లు, పైన పొగమంచు. ఎదుటి నుంచి వచ్చే వాహనపు వెలుగు కళ్లలో పడిన క్షణంలో మోటారు సైకిలు ఆ రాళ్లను ఢీకొంటుంది. కుప్పను తప్పించుకొన్నా చుట్టూ చెదరిన గింజలుంటాయి. పొట్టుతో నున్నగా ఉన్న ఆ గింజలు చక్రం కింద గోళీల్లా దొర్లుతాయి. అక్కడ బ్రేకు వేస్తే బండి ఆగకుండా పక్కకు జారుతుంది. నాలుగు చక్రాల వాహనం కుదుపుతో బయటపడే చోట రెండు చక్రాలది పడిపోతుంది.

రైతు రోడ్డెక్కడానికి కారణం నిర్లక్ష్యం ఒక్కటే అనుకోవడం తొందరపాటు. ఒకప్పుడు వరిని కొడవలితో కోసి, పనలను పొలంలోనే కొన్ని రోజులు ఆరనిచ్చి, మోపులు కట్టి, కుప్పవేసి, పేడతో అలికిన కల్లంలో నూర్చేవారు. గింజ వెన్ను మీద ఉండగానే చాలావరకు ఆరిపోయేది. కూలీలు దొరకడం కష్టమై వరికోత యంత్రం వచ్చాక కోత, నూర్పిడి ఒకేసారి గంటల్లో ముగుస్తున్నాయి. పచ్చిగింజ బయటికి వస్తున్నది. అందులో తేమ 20 శాతానికి పైబడి ఉంటుంది. కొనుగోలు కేంద్రంలో అనుమతించే గరిష్ఠ తేమ 17 శాతం. ఆ తేడా తీరాలంటే వడ్లు ఎండాలి. పుష్యమాసపు ఎండలో బలం తక్కువ. డిసెంబరు చివరలో మధ్యాహ్నం వేళ కూడా మన ప్రాంతంలో సూర్యుడు ఆకాశంలో సగం ఎత్తుకు కొద్దిగా పైన మాత్రమే ఉంటాడు. పగలు ఆరిన గింజను రాత్రి మంచు మళ్లీ మెత్తబరుస్తుంది. నల్లని తారు రోడ్డు వేడిని బాగా పీల్చుకొంటుంది గనుక మట్టి నేల మీద కంటే అక్కడ వడ్లు త్వరగా ఎండుతాయి, మట్టి కూడా అంటదు. రెండు పంటలు పండించే పొలంలో కల్లానికి చోటు మిగలలేదు. ఉపాధి హామీ పథకం కింద పొలాల్లో సిమెంటు కల్లాలు కట్టే ప్రయత్నం జరిగింది. ఆ నిధుల వినియోగం మీద 2022లో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల మధ్య వివాదం కూడా నడిచింది. రోడ్డు మీద వడ్లు పోయవద్దని పోలీసులు ఏటా హెచ్చరిస్తూనే ఉన్నారు. హెచ్చరిక విన్న రైతు, వడ్లను ఎక్కడ పోయాలో కూడా ఎవరైనా చెబితే బాగుండునని అనుకోకుండా ఉండలేడు.

ఈ వ్యవహారంలో మనసును కలచే విషయం ఒకటుంది. నగరం నుంచి కారులో వచ్చేవాడు వేరు, వడ్లు పోసినవాడు వేరు అయితే దీనిని ఇరుపక్షాల తగాదాగా చూడవచ్చు. పల్లెలో అలా కాదు. రాత్రి వడ్ల కుప్ప చుట్టూ రాళ్లు పేర్చి ఇంటికి వచ్చిన రైతే నాలుగు గంటలు నిద్రపోయి, పాలక్యాన్లు కట్టుకొని, తిమ్మిరెక్కిన వేళ్లతో పక్క ఊరి రైతు పేర్చిన రాళ్ల వైపు బండి నడుపుతాడు. పక్క ఊరి రైతు కొడుకు అదే వేళకు ఈ ఊరి మీదుగా కాలేజీ బస్సు అందుకోవడానికి వస్తుంటాడు. ఎవరి రాళ్లు వారికి తెలుసు. ఎదుటివారి రాళ్లు తెలియవు. రాళ్ల స్థానంలో ఇసుక నింపిన సంచులు పెట్టినా, కుప్పకు రెండు చివరలా సున్నం పూసిన కర్ర గాని, వెలుగుకు మెరిసే పట్టీ అంటించిన డబ్బా గాని నిలిపినా, వంపు తిరిగే చోట, కల్వర్టు దగ్గర వడ్లు పోయకుండా వదిలినా చాలావరకు ఆపద తగ్గుతుంది. వీటికి ఖర్చు లేదు. కొన్ని ఊళ్లలో కుప్ప మీద పాత చీర ముక్కను కర్రకు కట్టి జెండాలా పాతుతారు. దీపపు వెలుగులో అది అల్లంత దూరం నుంచే కనిపిస్తుంది.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దలంటారు. ఆనాటికి సూర్యోదయం ముందుకు జరుగుతుంది, పొలాల మీది మంచు పలచబడుతుంది, మఫ్లర్లు పెట్టెల్లోకి చేరతాయి. ధర్మపురిలో ముక్కోటి ఏకాదశికి తెల్లవారుజాము చలిలో వణుకుతూ వెళ్లినవారు వేసవిలో చెమట తుడుచుకొంటూ వెళ్తారు. యాసంగి వరి కోతలకు వడ్లు మళ్లీ రోడ్డెక్కుతాయి. అప్పటి ఎండకు అవి రెండు మూడు రోజుల్లోనే ఆరి, బస్తాల్లోకి ఎక్కి, దారి వదులుతాయి. పొగమంచూ ఉండదు. పాలరైతు చేతులకు తొడుగులు లేకుండానే, ఎదుట అరకిలోమీటరు దూరం చూసుకొంటూ పోతాడు. మళ్లీ కార్తీకం దాటాక, కోత యంత్రాలు పొలాల్లోకి దిగిన మొదటి రాత్రి నుంచే, అతడు తన వేగాన్ని ముప్పైకి దించుకోవలసి ఉంటుంది.